స్వాతంత్ర్యం వద్దన్న 44 శాతం: మారిషస్ 1967 ఎన్నికల లెక్క

1967 ఆగస్టు 7న మారిషస్ ఓటర్ల చేతికి వచ్చిన బ్యాలట్ కాగితం మీద ఉన్నవి అభ్యర్థుల పేర్లే. ఒక్కో నియోజకవర్గం నుంచి శాసనసభకు ముగ్గురిని ఎన్నుకోవాలి. స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్న ప్రశ్న ఆ కాగితం మీద ఎక్కడా లేదు. అయినా ఆ రోజు దీవి దీవంతా ఓటేసింది ఆ ప్రశ్న మీదే. లెక్కింపు పూర్తయ్యేసరికి నూటికి సుమారు 55 ఓట్లు స్వాతంత్ర్యం కోరిన కూటమికి పడ్డాయి. వద్దన్న పార్టీకి 44 పడ్డాయి.

ఈ 44 అంత తేలిగ్గా మింగుడు పడేది కాదు. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతామంటుంటే ఉండమన్నవాళ్ళు ఎవరు? వాళ్ళంతా చక్కెర మిల్లుల యజమానులా? ఫ్రెంచి వారసులైన ఆ యజమానుల కుటుంబాలన్నీ కలిపినా జనాభాలో నూటికి రెండో మూడో. మిగతా నలభై పైచిలుకు మందిలో రేవు కూలీలున్నారు, దర్జీలున్నారు, గుమాస్తాలున్నారు, పని దొరక్క తిరుగుతున్న కుర్రాళ్ళ తల్లిదండ్రులున్నారు. వాళ్ళను దేశభక్తి లేనివాళ్ళని కొట్టిపారేస్తే ఈ ఎన్నిక ఎప్పటికీ అర్థం కాదు. వాళ్ళను ఆ వైపు నెట్టినవి రెండు భయాలు. ఒకటి కూటి భయం, రెండోది లెక్కలో ఓడిపోతామన్న భయం.

మొదటి భయానికి మూలం చెరకు. ఎగుమతుల ఆదాయంలో నూటికి 90కి పైగా చక్కెర నుంచే వచ్చేది. కోతలు జూన్‌లో మొదలై డిసెంబరు దాకా సాగేవి, ఆ తర్వాత తోటల్లో చాలామందికి పని తగ్గిపోయేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీ చల్లి మలేరియాను అణచివేశారు. మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి, పిల్లలు బతికి బట్టకట్టారు. అది మంచే. అయితే 1,865 చదరపు కిలోమీటర్ల దీవిలో జనాభా ఏటా 3 శాతం చొప్పున పెరగసాగింది. చెరకు తోటలు అలా పెరగవు కదా. 1960 నాటికి ఆ పిల్లలు పని వయసుకు రావడం మొదలైంది.

సరిగ్గా ఆ ఏడాదే రెండు తుపానులు వరుసగా వచ్చిపడ్డాయి. జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరి చివర్లో కారోల్. కారోల్ గాలులు గంటకు 256 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నాయి. గడ్డి, రేకుల ఇళ్ళు వేలకు వేలు కూలిపోయాయి. ఆ ఏటి చక్కెర దిగుబడి అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే సగానికి కూడా రాలేదు. ఇళ్ళు పోయినవాళ్ళ కోసం ప్రభుత్వం ఊళ్ళ అంచుల్లో కట్టిన కాలనీలను అక్కడ సితే అంటారు. పూర్వపు బానిసల వారసులైన నిరుపేద క్రియోల్ కుటుంబాలు ఎన్నో వాటిలోకే చేరాయి. తర్వాతి రాజకీయాల్లో ఈ కాలనీల పేర్లు తరచూ వినిపిస్తాయి.

ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ నాయకత్వంలో ఒక బృందం వచ్చి పరిస్థితిని చూసి 1961లో నివేదిక ఇచ్చింది. జనాభా ఇలా పెరిగి, చక్కెర ఇలాగే ఉంటే ఈ దీవిలో శాంతియుతమైన అభివృద్ధి మీద పెద్దగా ఆశ పెట్టుకోలేమన్నది దాని సారాంశం. మీడ్‌కు ఆ తర్వాత 1977లో నోబెల్ వచ్చింది, కాబట్టి ఆయనది చిల్లర మాట కాదు. 1963లో ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర ఎగిసింది, పంటా బాగా పండింది, దీవి కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. 1966 నాటికి ప్రపంచ ధర పౌండు బరువుకు 2 అమెరికన్ సెంట్ల లోపుకి పడిపోయింది. మారిషస్‌ను నిలబెట్టింది 1951 నాటి కామన్వెల్త్ చక్కెర ఒప్పందం. దాని కింద బ్రిటన్ ముందే కుదిరిన పరిమాణాన్ని ముందే కుదిరిన మెరుగైన ధరకు కొనేది. అంటే దీవి పొయ్యి మీద గిన్నె బ్రిటన్ చేతిలో ఉంది. స్వాతంత్ర్యం మాట ఎత్తగానే "రేపు ఆ ఒప్పందం ఉంటుందా?" అన్న ప్రశ్న రావడంలో వింతేముంది?

రెండో భయం గురించి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1835లో బానిసత్వం రద్దు కావడంతో తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను రప్పించారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ వరకూ కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది అలా వెళ్ళారు. భోజ్‌పురి ప్రాంతం వాళ్ళు ఎక్కువ. తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు వాళ్ళ వెనక. మన కోస్తా జిల్లాల నుంచి కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల మీదుగా వెళ్ళినవాళ్ళ వారసులే నేటి మారిషస్ తెలుగువాళ్ళు. 1962 జనగణన నాటికి ఏడు లక్షల జనాభాలో సుమారు సగం హిందువులు, ఆరింట ఒక వంతు ముస్లింలు, కొద్దిమంది చైనీయులు. మిగిలిన దాదాపు 30 శాతాన్ని "సాధారణ జనాభా" అన్న పద్దులో వేశారు. పూర్వపు బానిసల వారసులైన క్రియోల్ పేదలూ, ఫ్రెంచి మూలాలున్న మిల్లు యజమానులూ ఇద్దరూ ఆ ఒక్క పద్దులోనే.

ఇంతమంది ఉన్నా ఓటు మాత్రం చాలాకాలం గుప్పెడుమందిదే. ఆస్తి, ఆదాయం ఉన్నవాళ్ళే ఓటర్లు. 1948లో ఆ నిబంధన సడలించి, దీవిలో వాడే భాషల్లో ఏదో ఒకదానిలో చిన్న వాక్యాలు చదవడం, రాయడం వస్తే చాలన్నారు. ఆ భాషల్లో తెలుగూ ఉంది. పల్లెల్లో బైఠకాలు అనే కూటాల్లో రాత్రిపూట కూలీలకు అక్షరాలు దిద్దించిన కార్యకర్తల శ్రమ అప్పుడు ఫలించింది. పన్నెండు వేల లోపున్న ఓటర్లు ఒక్కసారిగా డెబ్బై వేలు దాటారు. 1959లో ప్రధాన దీవిలో 21 ఏళ్ళు నిండిన అందరికీ ఓటు వచ్చింది, సర్ శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలోని లేబర్ పార్టీ గెలిచింది.

ఈ మార్పులో ఒకరికి కనిపించిన న్యాయం మరొకరికి ముప్పులా కనిపించింది. తలల లెక్కే అధికారమైతే మా గతేమిటని క్రియోల్‌లు అడిగారు. ముస్లింలు, చైనీయులు, తమిళుల్లో కొందరు కూడా అదే అడిగారు. స్వాతంత్ర్యం వస్తే ఉద్యోగాలన్నీ ఒకే వర్గానికి పోతాయన్న ప్రచారం ఊపందుకుంది. "మలబార్ ను పా ఊలే" అన్న నినాదం గోడలకెక్కింది. భారతీయ మూలాలున్నవాళ్ళు మాకొద్దని దానర్థం. 1965 మేలో ఘర్షణలు చెలరేగి ప్రాణాలు పోతే అత్యవసర పరిస్థితి ప్రకటించి ఏడెన్ నుంచి బ్రిటిష్ సైన్యాన్ని దించాల్సి వచ్చింది. పని లేనిచోట ఒకడికి దొరికిన పని ఇంకొకడి నోటి దగ్గర కూడులా కనిపిస్తుంది. ఆ కాలపు మత, జాతి విద్వేషాన్ని నిరుద్యోగం నుంచి విడదీసి చూస్తే సగమే చూసినట్టు.

1965 సెప్టెంబరులో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. లేబర్ పార్టీ, సుఖ్‌దేవ్ బిసున్‌దయాళ్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్, అబ్దుల్ రజాక్ మహమ్మద్ నాయకత్వంలోని ముస్లిం పార్టీ స్వాతంత్ర్యం అడిగాయి. ముస్లిం పార్టీ మాత్రం తన వాళ్ళకు ఎన్నికల్లో తగిన రక్షణ ఉండాలని షరతు పెట్టింది. పీఎంఎస్‌డీగా పేరు మార్చుకున్న పార్తీ మోరిస్యాఁ పూర్తి స్వాతంత్ర్యం వద్దంది. బ్రిటన్‌తో అనుబంధం ఉంచుకుని అంతర్గత పాలన చాలని, అసలు సంగతి రెఫరెండంలో తేల్చమని పట్టుబట్టింది. బ్రిటన్ రెఫరెండానికి ఒప్పుకోలేదు. కొత్త ఎన్నికలు పెడదాం, గెలిచిన సభ సాధారణ మెజారిటీతో తీర్మానం చేస్తే, ఆరు నెలల అంతర్గత స్వపాలన తర్వాత స్వాతంత్ర్యం ఇస్తామంది. మామూలు శాసనసభ ఎన్నిక రెఫరెండంగా మారింది ఈ నిర్ణయంతోనే.

అదే సమయంలో మూసిన తలుపుల వెనక ఇంకో బేరం నడిచింది. డియేగో గార్సియా దీవిలో అమెరికా సైనిక స్థావరం కోసం, ఆ దీవి ఉన్న ఛాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీయాలని బ్రిటన్ అనుకుంది. సెప్టెంబరు 23న ప్రధాని హెరాల్డ్ విల్సన్ రామ్‌గులామ్‌ను కలిసే ముందు ఆయన కార్యదర్శి ఒక చీటీ రాసిచ్చాడు. ఆశ చూపించి ఆయన్ని భయపెట్టాలన్నది దాని సారం. స్వాతంత్ర్యం రావచ్చునన్నది ఆశ, ఛాగోస్ విషయంలో తలొగ్గకపోతే రాకపోవచ్చునన్నది భయం. ఆ నవంబరులోనే ఛాగోస్‌ను విడదీసి కొత్త వలస ప్రాంతంగా ప్రకటించారు. మారిషస్‌కు దక్కింది 30 లక్షల పౌండ్లు. ఈ విషయంలో విభేదించి పార్తీ మోరిస్యాఁ మంత్రివర్గం నుంచి బయటికొచ్చింది. తర్వాతి ఏళ్ళలో ఛాగోస్ వాసులు దాదాపు పదిహేను వందల మందినీ, వాళ్ళ ఇళ్ళూ కొబ్బరితోటలూ వదిలించి పంపేశారు. ఆ విభజన చట్టబద్ధంగా జరగలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో చెప్పింది. 1965లో ఆ బేరానికి తలూపినవాళ్ళు ఎంత ఇరుకులో ఉన్నారో తెలిసినా, నాకు ఆ సంతకం బాధగానే ఉంటుంది. ఆ దీవుల వాళ్ళను ఒక్కమాట అడిగినవాళ్ళు లేరు.

ఇక ఎన్నికల పద్ధతి. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

ఎవరికి ఎన్ని సీట్లన్నది తేల్చడానికి 1966లో సర్ హెరాల్డ్ బాన్‌వెల్ కమిషన్ వచ్చింది. ప్రధాన దీవిని 20 నియోజకవర్గాలుగా చేసి, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు, మొత్తం 62 మంది అని చెప్పింది. ఓటరు మూడు ఓట్లూ వేసి తీరాలి. ఒకటో రెండో వేసి ఊరుకుంటే కాగితం చెల్లదు. దీని వెనక ఒక ఆలోచన ఉంది. ప్రతి పార్టీ ముగ్గురిని నిలబెట్టక తప్పదు, అన్ని వర్గాల ఓట్లూ కావాలంటే ఆ ముగ్గురూ ఒకే వర్గం వాళ్ళైతే కుదరదు. ఓటరు కూడా తన వాడికి ఒక్క ఓటు వేసి వెళ్ళిపోలేడు, పక్క వర్గం మనిషికీ వేయాల్సిందే.

అయినా చిన్న వర్గాలకు ధైర్యం చాలలేదు. బాన్‌వెల్ సూచించిన అదనపు సవరణల మీద గొడవ లేచింది. బ్రిటన్ నుంచి వలసల శాఖ ఉపమంత్రి జాన్ స్టోన్‌హౌస్ వచ్చి అన్ని పక్షాలతో కూర్చుని కుదిర్చిన ఒప్పందమే ఈనాటికీ నడుస్తున్న బెస్ట్ లూజర్ విధానం. 62 మంది గెలిచాక, ఓడిపోయిన అభ్యర్థుల్లోంచి మరో 8 మందిని సభలోకి తీసుకుంటారు. దీని కోసం ప్రతి అభ్యర్థీ నామినేషన్ వేసేటప్పుడే తాను హిందువో, ముస్లిమో, చైనీయ మూలాలవాడో, సాధారణ జనాభావాడో రాసివ్వాలి.

లెక్క ఇలా నడుస్తుంది. ఒక వర్గం మొత్తం జనాభాను ఆ వర్గం నుంచి గెలిచినవాళ్ళ సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తారు. ఉదాహరణకు ఒక వర్గంలో 2 లక్షల మంది ఉన్నారు, 19 మంది గెలిచారు అనుకుందాం. 2 లక్షల్ని 20తో భాగిస్తే 10 వేలు. ఇంకో చిన్న వర్గంలో 24 వేల మందే, గెలిచింది ఒక్కరు. 24 వేలను 2తో భాగిస్తే 12 వేలు. ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళకి అన్యాయం ఎక్కువ జరిగినట్టు, కాబట్టి మొదటి సీటు చిన్న వర్గానికి. ఆ వర్గంలో ఓడినవాళ్ళలో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ అభ్యర్థి సభలోకి వస్తాడు. ఇప్పుడు ఆ వర్గానికి ఇద్దరయ్యారు, 24 వేలను 3తో భాగిస్తే 8 వేలే. తర్వాతి సీటుకు పెద్ద వర్గం ముందుకొస్తుంది. మొదటి నాలుగు సీట్లు పార్టీతో సంబంధం లేకుండా ఇలా ఇస్తారు. వాటి వల్ల గెలిచిన పార్టీ ఆధిక్యం తగ్గితే, దాన్ని తిరిగి పూడ్చేలా మిగతా నాలుగూ ఇస్తారు. చిన్న వర్గానికి సభలో మనిషి ఉంటాడు, ఓటర్లు ఇచ్చిన తీర్పూ తలకిందులు కాదు.

ఆనాటి భయాలు చూస్తే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు దొరకడం కష్టమే. కాకపోతే దీనికి చెల్లించే ధర ఉంది, దాని సంగతి తర్వాత.

ప్రచారంలో రెండు గొంతులు గట్టిగా వినిపించాయి. పీఎంఎస్‌డీ నాయకుడు గేతాన్ దువాల్ న్యాయవాది, మంచి వక్త, యువకుడు. జనం ఆయన చుట్టూ విరగబడేవాళ్ళు. "హిందువు నా సోదరుడు" అన్న నినాదంతో పల్లెలకూ వెళ్ళాడు. బ్రిటన్‌తో అనుబంధం ఉంటే చక్కెరకు గిట్టుబాటు ధర ఉంటుంది, రేపు బ్రిటన్ యూరోపియన్ ఉమ్మడి మార్కెట్లో చేరితే మనకూ తలుపులు తెరుచుకుంటాయి, మన కుర్రాళ్ళు అక్కడికెళ్ళి పని చేసుకోవచ్చన్నది ఆయన వాదన. ఆకలి మీద ఉన్నవాడికి అది ఖాళీ మాటగా అనిపించదు. అయితే 1962 నుంచే బ్రిటన్ కామన్వెల్త్ వలసలకు గేట్లు బిగిస్తోంది. ఆయన చూపిన దారి అప్పటికే మూతపడుతోందన్న సంగతిని పీఎంఎస్‌డీ సభల్లో చెప్పలేదు.

రామ్‌గులామ్ పక్షం పింఛన్లు, ఆసుపత్రులు, బడులు చూపించింది, తోట కూలీల యూనియన్ల పోరాటాలను గుర్తు చేసింది. పని లేనివాళ్ళకు రోడ్లు, కాలువల మీద కూలి పనులు ఇస్తున్నది ఆ ప్రభుత్వమే. ఎన్నికల ముందు అది సాయమా, ఎరా అని ప్రత్యర్థులు నిలదీశారు. రెండూ కావచ్చు. పస్తులున్న ఇంటికి మాత్రం నాలుగు రోజుల కూలి నాలుగు రోజుల కూలే.

పోలింగు కామన్వెల్త్ పరిశీలకుల ఎదుట ప్రశాంతంగా సాగింది. పదిమంది ఓటర్లలో దాదాపు తొమ్మిదిమంది వచ్చి ఓటేశారు. మూడు పార్టీలు కలిసిన ఇండిపెండెన్స్ పార్టీకి 39 సీట్లు, పీఎంఎస్‌డీకి 23. బెస్ట్ లూజర్ సీట్లు చెరి నాలుగు, చివరి లెక్క 43, 27. ఉత్తరాన, తూర్పున చెరకు పల్లెలు స్వాతంత్ర్యం వైపు నిలిచాయి. రాజధాని పోర్ట్ లూయీ, కురెపీప్ వంటి పట్టణాల్లో పీఎంఎస్‌డీ బలం కనిపించింది. ప్రధాన దీవికి తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్ ఆ ఏడాదే మొదటిసారి ఓటేసింది, రెండు సీట్లనూ దాదాపు ఏకగ్రీవంగా పీఎంఎస్‌డీకి కట్టబెట్టింది. అంతకాలం ఓటే లేని ఆ దీవికి పోర్ట్ లూయీ కూడా లండన్ అంత దూరమే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఓటు వయసు 21. ఆనాటి మారిషస్‌లో సగానికి పైగా జనం ఆ వయసు లోపువాళ్ళే. పని లేక అందరికన్నా ఎక్కువ నలిగిపోబోతున్న తరానికి ఆ రోజు మాట్లాడే అవకాశమే లేదు.

ఆగస్టు 22న కొత్త సభ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానం చేసింది. ఆ లోపల గాయం మానలేదు. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో క్రియోల్, ముస్లిం బస్తీల మధ్య అల్లర్లు రేగి ఇరవై మందికి పైగా చనిపోయారు, వీధులకు వీధులు ఇళ్ళు మార్చుకుని తమ వాళ్ళున్న చోటికి వెళ్ళిపోయాయి. మళ్ళీ బ్రిటిష్ సైనికులు దిగారు. బ్రిటిష్ రాణి తరఫున రావాల్సిన యువరాణి అలెగ్జాండ్రా పర్యటన రద్దయింది. మార్చి 12న షాఁ ద మార్స్ మైదానంలో కొత్త జెండా ఎగిరింది. దండి యాత్ర మొదలైన రోజని ఆ తేదీని ఎంచుకున్నారు. ఓటేసినవాళ్ళలో సగానికి కాస్త తక్కువమందికి ఆ రోజు ఇంట్లో పండగ కాదు.

తర్వాత జరిగింది చాలామంది ఊహించనిది. 1969లో రామ్‌గులామ్ దువాల్‌తోనే చేతులు కలిపారు. స్వాతంత్ర్యం వద్దన్న మనిషి స్వతంత్ర దేశానికి విదేశాంగ మంత్రి అయ్యారు. బిసున్‌దయాళ్ పార్టీ బయటికి నడిచింది. పట్టణానికీ పల్లెకూ మధ్య చీలిక మానాలంటే అది అవసరమని వాదించేవాళ్ళున్నారు, నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది, ఆ పేరుతో ఎన్నికల్ని 1976 దాకా వాయిదా వేయడం. ఆ ఖాళీలోంచే యువకుల పార్టీ ఎంఎంఎం పుట్టింది. దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరు తెలుగు కుటుంబం నుంచి వచ్చిన దేవ్ వీరస్వామి. 1970లో రామ్‌గులామ్ సొంత నియోజకవర్గమైన త్రియోలేలో ఉప ఎన్నిక వస్తే వీరస్వామే గెలిచారు. మరుసటి ఏడాది చివర్లో అత్యవసర పరిస్థితి పెట్టి ఆ పార్టీ నాయకుల్ని జైల్లో వేశారు. ఓటు వయసు 18కి దిగాక జరిగిన 1976 ఎన్నికల్లో అదే పార్టీకి అందరికన్నా ఎక్కువగా 34 సీట్లు వచ్చాయి.

దువాల్ ఓటర్లు భయపడినట్టు చక్కెర మార్కెట్ చేజారలేదు. 1975 లోమే ఒప్పందంలో మారిషస్‌కు యూరప్ ఇచ్చిన చక్కెర వాటా ఏటా సుమారు 5 లక్షల టన్నులు, ఆ ఒప్పందంలోని దేశాలన్నిటిలోకీ అదే పెద్దది. 1970లో మొదలైన ఎగుమతి మండలాల్లో బట్టల ఫ్యాక్టరీలు లేచాయి. అయినా 1980ల మొదట్లో కూడా నిరుద్యోగం తీవ్రంగానే ఉంది. ఫలితం ముందే తెలిసినట్టు ఇప్పుడు మాట్లాడితే 1967లో ఓటేసినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. వాళ్ళ ముందున్నది మీడ్ చెప్పిన భవిష్యత్తు, కారోల్ కూల్చిన ఇల్లు.

ఇక ఆ బెస్ట్ లూజర్ విధానపు ధర. నాలుగు పద్దుల్లో ఎక్కడో ఒకచోట ఇమడాలి, ఇమడనివాడికి పోటీయే లేదు. తెలుగువాళ్ళు, తమిళులు, మరాఠీలు అందరూ హిందూ పద్దులోకే వెళ్తారు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు, తెలుగు బడుల్లో చెబుతారు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. సీట్ల లెక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ తెలుగువాడు విడిగా కనిపించడు. పెద్ద పద్దులోని చిన్నవాళ్ళకు ఈ లెక్క రక్షణ ఇవ్వదు, వాళ్ళు పార్టీలు ఇచ్చే టికెట్ల మీదే ఆధారపడాలి.

1982లో జనగణన నుంచి వర్గం ప్రశ్ననే తీసేశారు. దాంతో ఆ 8 సీట్ల లెక్కకు ఇప్పటికీ 1972 నాటి జనాభా అంకెలే ఆధారం. వర్గం రాయడానికి నిరాకరించినందుకు నామినేషన్లు పోగొట్టుకున్న కొందరు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్ళారు. తాజా అంకెలు లేకుండా వర్గం ప్రకటించమని బలవంతం చేయడం తగదని ఆ కమిటీ 2012లో వాళ్ళ పక్షాన చెప్పింది. 2014 ఎన్నికలకు మాత్రం ఆ నిబంధన సడలిస్తూ తాత్కాలిక సవరణ తెచ్చారు. తర్వాత మళ్ళీ పాత పద్ధతే. విధానాన్ని తీసేస్తామన్న ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. తీసేస్తే మాకేం మిగులుతుందని అడిగే చిన్న వర్గాలకు ఏ ప్రభుత్వమూ ఇంకా జవాబు చెప్పలేదు.